జొన్నచేల పిల్లలకు సాఫ్ట్‌బాల్

ఇరవై ఆరేండ్లు వచ్చేదాక సాఫ్ట్‌బాల్ అనే ఆట ఒకటున్నదని నాకు తెల్వదు. ఆ ఆటతోనే నా బతుకు గడుస్తదని, నలుగురు నన్ను దాని పేరుతోనే యాది చేసుకుంటరని అంతకన్న తెల్వదు.

మాది నార్కట్‌పల్లికి దగ్గర్ల నేతోళ్ల ఇల్లు. బాపు మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటె పొద్దుమూకిందాక లేచేటోడు కాదు. అమ్మ కండెలు చుట్టేది, అవ్వ చిక్కు పడ్డ నూలు విప్పుకుంట కూసునేది. ఇంట్ల ఒక్కకాడ కూసోలేని దాన్ని నేనొక్కదాన్నే. బడిల పరుగు పందెం పెడితె మగపిల్లలను దాటి ఉరికేదాన్ని. మా పెద్ద టీచరమ్మ అది చూసి, మెట్రిక్ అయినంక నన్ను హైదరాబాదుకు డ్రిల్ టీచర్ ట్రైనింగుకు పంపుమని బాపును అడిగింది. చిన్నాయిన ఒప్పుకోలేదు. ఈడొచ్చిన పిల్ల నిక్కరేసుకొని దుంకుతదా అని ఇల్లు పీకి పందిరేసిండు. బాపు రెండు రోజులు ఎవ్వరితోని మాట్లాడలేదు. మూడోనాడు మగ్గం దిగి వచ్చి చిన్నాయినతోని ఒక్కటే మాట అన్నడు.

"దాని కాళ్లు ఊకె ఉండయి. మగ్గంల కూసోబెడితె మగ్గమే ఇరుగుతది. పోనియ్యి."

ట్రైనింగ్ అయినంక మహబూబ్‌నగర్ల ఆడపిల్లల బడిల కొలువు దొరికింది. యాభైలల్ల ఆఖరి ఐదేండ్లు అక్కడనే. పొద్దుగాల డ్రిల్లు, సాయంత్రం రింగాట, పంద్రాగస్టుకు గజ్జెల కట్టెలు ఊపే లెజిం. పని మంచిగనే ఉండె. కని ప్రతి ఏడు ఒక్కటే తీరు జరిగేది. నేను అన్నిటికన్న బాగ నేర్పుకున్న పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బడికి రాకపోయేది. ఇంటికి పోయి అడిగితె తల్లి చాయ పోసి, మర్యాద చేసి, "పెద్దమనిషి అయ్యింది గద టీచరమ్మా" అనేది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. మా ఇంట్ల బాపు మాట్లాడకుండ కూసున్న ఆ రెండు రోజులు యాదికొచ్చేటివి. మూడోనాడు ఇంకో మాట అంటె నేను కూడ ఇట్లనే ఎవరింట్లనో చాయ పోస్తుండేదాన్ని.

అందుకే నల్లగొండ కాలేజీల ఆడపిల్లలకు ఆటలు నేర్పే జాగా ఒకటి పడ్డదంటె ఎనకముందు చూడకుండ దరఖాస్తు పెట్టిన. కాలేజీ దాక వచ్చిన పిల్ల నడుమల ఆగదు అనుకున్న.

కాలేజీ మొత్తానికి ఆడపిల్లలు ముప్పై మంది దాటరు. వాళ్లకు ఒక అర్ర, దానికి పచ్చటి పర్ద. క్లాసుకు గంట కొడితె లెక్చరర్ వెంట వరుసగ బయటికి వచ్చేటోళ్లు, క్లాసు కాంగనే మళ్ల పర్ద లోపలికి పోయేటోళ్లు. తక్కిన లెక్చరర్లందరిని సారు, మేడం అనేటోళ్లు. నన్ను మాత్రం అటెండరు కూడ డ్రిల్ టీచరమ్మనే అనేటోడు. ప్రిన్సిపాల్ ఉర్దూ చదువు చదివిన పెద్దమనిషి. మొదటి రోజే కూసోబెట్టి, గ్రౌండు మగపిల్లలది, అది అడిగితె ఫసాద్ అయితది, కొట్లాటలైతయి, ఎనక గోడ దిక్కు తంగేడు చెట్ల జాగా ఉన్నది, అది మీదే అని చెప్పిండు. ఆ జాగాల తేళ్లున్నయని చెప్పుడు మర్చిపోయిండు. పిల్లలు, నేను కలిసి పదిహేను రోజులు చెట్లు కొట్టి, రాళ్లు ఏరి చదును చేసుకున్నం.

ఆ మరుసటి ఎండకాలం సెలవులల్ల డ్రిల్ మాస్టర్లకు హైదరాబాదుల ఒక శిబిరం పెట్టిన్రు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక సారు అక్కడ కొత్త ఆట చూపించిండు. ఒకామె చెయ్యిని కింది నుంచి గుండ్రంగ తిప్పి బంతి ఇసురుతది. ఇంకొకామె దాన్ని బ్యాటుతోని కొట్టి, నాలుగు మూలల చుట్టు ఉరికొస్తది. ఇసిరేటామెతోని కలిపి మైదానంల నిలబడ్డ తొమ్మిదిమంది, కొట్టినామె తిరిగి రాకముందే బంతి పట్టుకొచ్చి ఆపాలె. పేరుకే మెత్తటి బంతి, తగిలితె చేతి ఏళ్లు వాస్తయి. మగ మాస్టర్లు రెండు రోజులు నవ్వుకొని వాలీబాల్ దిక్కు పోయిన్రు. నేను పదొద్దులు ఉన్న. నాకు నచ్చింది ఏందంటె, ఈ ఆటల ఒకరి మీద ఒకరు పడేది లేదు, ఎవరి జాగా వాళ్లది. బాగ ఉరికే పిల్లకు ఒక జాగా, లావుగ ఉన్న పిల్లకు ఒక జాగా. తల్లిదండ్రుల ముందల పెట్టి ఒప్పించొచ్చు అనుకున్న. పోయేటప్పుడు ఆ సారు ఒక బ్యాటు, రెండు బంతులు, మూడు తోలు గ్లౌసులు నా చేతుల పెట్టిండు.

మూడు గ్లౌసులతోని తొమ్మిదిమంది ఎట్ల ఆడుతరు? గడియారం స్తంభం కాడ చెప్పులు కుట్టే తాతకు ఒకటి చూపించి, దూది కూరి ఇంకో ఆరు కుట్టించిన. మోటగ ఉండె గని చెయ్యి కాపాడినయి. బ్యాటు వడ్లాయనతోని చేయించిన. మొదటిది తుమ్మ కర్రతోని చేసిండు, రోకలి లెక్క ఉండె. రెండోది వేపతోని చేసిండు, అది నడిచింది. మూలలకు ఇసుక నింపిన గోనెసంచులు పెట్టినం. ఇగ బట్టలు. లంగా ఓణీల ఉరికితె కాళ్లకు సుట్టుకుంటది. నిక్కర్లంటె ఏ ఇంట్ల ఒప్పుకోరు. ఇంటికి పోయి బాపుకు చెప్పిన. చిన్నాయిన అప్పటికి ఏమంటలేడు. బాపు తెల్లటి దొడ్డు బట్ట నేసి, అంచుకు సన్నటి ఎర్ర గీత పెట్టి తాను తానంత నా చేతుల పెట్టిండు. దానితోని పైజమాలు, మోకాళ్ల దాక జుబ్బాలు కుట్టించిన. పిల్లలు వేసుకొని చూసి సిగ్గుపడ్డరు, మళ్ల వాళ్లే ఒకరినొకరు చూసుకొని నవ్విన్రు.

అందరు వచ్చిన్రు గని ఇసిరే పిల్ల దొరకలేదు. ఆ ఆటకు ఇసిరే పిల్లనే ప్రాణం. కింది నుంచి తిప్పి ఇసురుడు ఎవరికీ చాతనైతలేదు. బంతి నెత్తి మీదికెల్లన్న పోతుండె, లేకుంటె కాళ్ల కాడ పడుతుండె.

ఒకనాడు ఎవరిదో మేక మా జాగాల జొచ్చి గోనెసంచి నములుతాంది. గోడ కాడ ఒక పిల్ల నిలబడి ఉండె. పీయూసీల కొత్తగ చేరింది, మర్రిగూడ దిక్కు పల్లె నుంచి వచ్చి మేనమామ ఇంట్ల ఉంటాంది. ఆటకు రమ్మంటె మూడుసార్లు తల అడ్డం తిప్పింది. ఆ పిల్ల వంగి ఒక రాయి తీసుకొని, చెయ్యి కింది నుంచి ఒక్క తిప్పు తిప్పి వదిలింది. రాయి మేక మూతికి జానెడు దూరంల సంచికి తగిలింది. మేకకు దెబ్బ తగల్లేదు, కని అది మళ్ల ఎనకకు చూడలేదు.

యాడ నేర్చుకున్నవే అని అడిగిన.

"మంచె మీద టీచరమ్మా. మా జొన్నచేను నేనే కాసేది. వడిసెల తెగినప్పుడు ఉత్త చేత్తోనే ఇసిరేదాన్ని."

పిట్టను కొట్టేదానివా అంటె, పిట్టను కొడితె పాపం, పిట్ట పక్కన కంకికి తగలకుండ ఆకుకు తగిలేటట్టు కొట్టాలె అని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడ నా మొఖం చూడలేదు, నేల చూసింది. బంతి చేతుల పెట్టిన. వారం రోజులల్ల నేను పదొద్దులు నేర్చుకున్నదంత నేర్చుకొని, ఇగ నేను నేర్పేది ఏం లేదన్నట్టు నిలబడ్డది.

మొదటి ఏడు హైదరాబాదుల కాలేజీల పోటీలకు పోయినం. మా బట్టలు చూసి, మా గ్లౌసులు చూసి అక్కడి పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. మొదటి ఆటనే ఓడిపోయినం. మర్రిగూడ పిల్ల బంతిని ఎవ్వరు సరిగ కొట్టలేదు గని, ఎనక నిలబడ్డ మా పిల్లలు జనాన్ని చూసి బెదిరి, చేతుల పడ్డ బంతులు వదిలేసిన్రు. రెండో ఏడు అదే మైదానంల గెలిచినం. కప్పు తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెడితె, ఆయన దాన్ని తుడిచి, అటు ఇటు తిప్పి చూసి, రేపటి నుంచి సాయంత్రం ఒక గంట పెద్ద గ్రౌండు ఆడపిల్లలదే అని నోటీసు రాసిండు. ఫసాద్ ఏం కాలేదు. మగపిల్లలు గట్టు మీద కూసొని చూసేటోళ్లు.

మూడో ఏడు నేను తప్పు చేసిన. ఇన్నేండ్లల్ల నేను చేసిన తప్పులల్ల ఇదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది, అందుకే దాచకుండ రాస్తున్న.

గెలుపు రుచి చూసిన మనిషిని. పొద్దుగాల ఐదింటికే పిల్లలను మైదానంల నిలబెట్టేదాన్ని. మర్రిగూడ పిల్ల ఆ ఏడు మారింది. ఇసురుడు అట్లనే ఉండె, ఇంక వాడి పెరిగింది. కని కాళ్ల ముందల పడ్డ బంతిని వంగి తీస్తలేదు. నిలబడి చూస్తాంది. పక్క పిల్ల ఉరికొచ్చి తీసేదాక కదుల్తలేదు. పేరు వచ్చింది, పొగరు వచ్చింది అనుకున్న. ఒకనాడు అందరి ముందల నోరు పారేసుకున్న. నడుము వంచితె కిరీటం పడిపోతదా, నువ్వు వంగనందుకు వీళ్లందరికి శిక్ష అని, తక్కిన పిల్లలను మైదానం చుట్టు పదిసార్లు ఉరికించిన. వాళ్లు ఉరికినంతసేపు ఆ పిల్ల బంతి చేతుల పట్టుకొని నిలబడ్డది.

ఆ నెలల్నే రాష్ట్రం జట్టుకు పిల్లలను ఏరుకుంటరని కబురొచ్చింది. ఎన్నికైతె దూరదేశం పోవాలె, తండ్రి ఒప్పుకోవాలె. ఆదివారం నేను వాళ్ల ఊరికి పోయిన. బస్సు దిగి రెండు మైళ్ల నడక. పిల్ల ఆ వారం ఇంటికి వచ్చి ఉండె, దారి కాడికి ఎదురొచ్చింది.

వాళ్ల నాయిన అరుగు మీద కూసొని ఉండె. నన్ను చూడటానికి మెడ తిప్పలేదు. రెండు చేతులు అరుగుకు ఆనించి, మనిషి మనిషంత నా దిక్కు తిరిగిండు. వయసు అడిగితె నలభై నాలుగు అన్నడు. నేను అరవై అనుకున్న. తల్లి ఒక చెయ్యి మోకాలు మీద పెట్టుకొని, నేలను చూసుకుంట బయటికి వచ్చింది. ఆమె నడుము నేల చూస్తనే బిగుసుకపోయింది. ఎదురింట్ల ఇద్దరు మగోళ్లు అట్లనే కట్టెలు పట్టుకొని నిలబడ్డరు. వాకిట్ల ఆడుకునే పిల్లల పండ్ల మీద ఇటుక రంగు గీతలు. పిల్ల చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది. చల్లగ, తియ్యగనే ఉన్నయి. సగం తాగినంక నాయిన నా దిక్కే చూస్తున్నడని తెలిసింది.

"మా బాయి నీళ్ల గుణం టీచరమ్మా. తాగంగ తాగంగ ఎముకలు గట్టిపడుతయి. పెద్ద డాక్టర్లొచ్చి సీసలల్ల పట్టుకపోయిన్రు గని ఇంకో బాయి ఏడ తవ్వినా గవే నీళ్లు. బిడ్డనన్న వేరే నీళ్లు తాగుతదని నల్లగొండకు తోలిన. చదువుకు కాదు, ఆటకు కాదు. నీళ్లకు."

నేను ఏం అడగటానికి వచ్చిన్నో చెప్పిన. ఆయన, ఆడ ఏం నీళ్లు తాగుతరని అడిగిండు. మంచినీళ్లే అన్న. అయితె తీసుకపో అన్నడు.

తిరిగి బస్సు దారి దాక పిల్ల నా వెంట నడిచింది. కంది చేన్ల నడుమ దారి, ఎవ్వరు లేరు. నేను ఆగిన. ఆ రోజు మైదానంల అన్న మాటలకు నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా అన్న. టీచర్లు పిల్లలను అట్ల అడగరు గావచ్చు, ఆ పిల్ల గాబరా పడి నా చెయ్యి పట్టుకున్నది.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"చెప్తె ఆట బంద్ పెట్టిస్తవని."

వారంల దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు నడుము, మోచేతులు వంచి చూసిండు. నడుముల బిగువు మొదలైంది, చేతికి ఇంక రాలేదు, దీనికి మందు లేదు, ఆ నీళ్లు మాత్రం మళ్ల తాగొద్దు అన్నడు. ఇసరొచ్చునా అని పిల్లనే అడిగింది. నొప్పి లేనంతవరకు ఇసురు, వంగి బరువు లేపకు అని చెప్పిండు. నేను మర్నాడు తక్కిన పిల్లలను కూసోబెట్టి సంగతి చెప్పిన. పది చుట్లు ఉరికిన పిల్లలకు ఆ పిల్ల మీద కోపం ఉంటదని భయపడ్డ. వాళ్లకు నా మీద ఉండె. అది వాళ్ల మొఖాలల్ల చూసిన.

అందుల చండూరు దిక్కు నేతోళ్ల పిల్ల ఒకతి ఉండె. పొట్టిది, గాలి లెక్క ఉరికేది. లేచి, ఆమె వంగాల్సిన బంతులన్ని నేను చూసుకుంట, ఆమె ఇసిరితె చాలు అన్నది. అప్పటినుంచి ఇద్దరిని జోడీగ నేర్పిన. ఒకామె ఇసరంగనే రెండో ఆమె ముందరికి ఉరకాలె.

ఆ ఏడు ఆఖరి ఆట యాది ఉన్నది. ఎదుటి జట్టు హైదరాబాదుదే. వాళ్ల టీచరమ్మ తెలివైన మనిషి. రెండు వంతుల ఆట చూడంగనే మా పిల్ల వంగదని కనిపెట్టింది. ఇగ వాళ్లు బంతిని కొట్టుడు బంద్ చేసిన్రు. బ్యాటుకు ఊకె ఆనించి, సరిగ్గ ఆమె కాళ్ల ముందల పడేస్తున్నరు. అది ఆటల ఉన్న ఎత్తే, తప్పు పట్టటానికి లేదు. చూస్తుండంగనే వాళ్లు రెండు చుట్లు ఉరికి మాతోని సమానం అయిన్రు. నేను లోపలికి పోయి, వేరే పిల్లతోని ఇసిరిస్త, నువ్వు రా అన్న. ఆ పిల్ల నా దిక్కు చూడలేదు, నేతోళ్ల పిల్ల దిక్కు చూసింది. నేతోళ్ల పిల్ల ఇంక నాలుగడుగులు ముందరికి వచ్చి, బ్యాటుకు ఎదురుంగ వంగి నిలబడ్డది. అంత దగ్గర్ల నిలబడితె గట్టిగ కొట్టిన బంతి మొఖానికి తగుల్తది. ఎనకకు పో అని కేక వేద్దామనుకొని ఊకున్న. ఒక్కసారి నోరు జారిన దాన్ని, ఈసారి వాళ్లకే వదిలేసిన.

వాళ్లు మళ్ల ఆనించిన్రు. బంతి నేల మీద పడకముందే నేతోళ్ల పిల్ల పట్టింది. తర్వాతి పిల్ల మాత్రం గట్టిగ కొట్టింది. బంతి వచ్చి నేతోళ్ల పిల్ల దవడకు తగిలింది, పెదవి చిట్లింది. నెత్తురు ఉమ్మి, ఆ పడ్డ బంతినే తీసి ఉరికే పిల్లను ఆపింది. ఆ ఆట మేము ఒక్క చుట్టు తేడతోని గెలిచినం. అందరు ఎగురుతుంటె, మర్రిగూడ పిల్ల వంగలేదు గద, మోకాళ్ల మీద కూలబడి, కింద కూసున్న ఆ పిల్ల మూతి కొంగుతోని తుడుస్తాంది. జుబ్బాకు కొంగు ఉండదు. ఆట చూడొచ్చిన ఎవరో ఒకామె కొంగు గుంజుకున్నది.

రాష్ట్రం జట్టుకు నేతోళ్ల పిల్లను తీసుకున్నరు. మర్రిగూడ పిల్లను తీసుకోలేదు. నేను పిల్లలను ఏరుకునే సారుతోని కొట్లాడిన. ఆమె బంతి ముట్టినోళ్లు ఒక్కరన్న ఉన్నరా అని అడిగిన. ఆయన మెల్లగనే చెప్పిండు. అక్కడికి పోతె ప్రతి బంతి ఆమె కాళ్ల ముందలనే వేస్తరమ్మా, పిల్లను నలుగుట్ల నవ్వులపాలు చెయ్యొద్దు అన్నడు. ఆయన చెప్పింది నిజమే. నాకు ముందే తెలుసు. తెలిసి కూడ కొట్లాడిన.

నేను ఓదార్చటానికి మాటలు వెతుక్కుంట పోతె, ఆ పిల్ల గోడ కాడ కూసొని ఉన్నది. ఏడ్చి ఉన్నది, కండ్లు ఎర్రగున్నయి. నన్ను చూసి, వచ్చే ఏడు నా జాగాల ఎవరిని నిలబెడతవు అని అడిగింది. ఇంక ఆలోచించలేదు అన్న. ఇప్పటినుంచే నేర్పాలె, ఒక్క నెలల వచ్చేది కాదు, పీయూసీల ఇద్దరు చేను కాసిన పిల్లలున్నరు, నేను చూసి పెట్టిన అన్నది. డిగ్రీ అయ్యేదాక ఆ ఇద్దరికి తనే నేర్పింది. నాకన్న ఓపికగ నేర్పింది. ఒక్కనాడు గొంతు లేపంగ నేను వినలేదు.

ఆమె పోయినంక కూడ మా కాలేజీ వరుసగ గెలిచింది. వేరే టీచర్లు ఇసిరే పిల్లలను యాడికెల్లి పడుతున్నవని అడిగేటోళ్లు. జూన్‌ల కొత్త పిల్లలు చేరేటప్పుడు నేను ఆఫీసు గుమ్మం కాడ నిలబడి, మార్కులు అడగకుండ, చేను కాసినవా బిడ్డా అని అడుగుతనని నిజం చెప్తె నవ్వేటోళ్లు. నా పేరు నల్లగొండ దాటి పోయింది. పేపర్ల ఫోటో కూడ పడ్డది. బాపు ఆ కాగితాన్ని మగ్గం పక్క గోడకు అంటించిండు.

మర్రిగూడ పిల్ల బీఈడీ చేసి, హుజూర్‌నగర్ దిక్కు ఒక బడిల సైన్సు టీచరమ్మ అయ్యింది. కావాలని ఆ దిక్కే అడుక్కున్నది. కృష్ణ నది దగ్గర, కొత్త కాల్వ నీళ్లు కూడ వచ్చినయి. ఒక ఇల్లు కిరాయికి తీసుకొని అమ్మను, నాయినను, తమ్ముళ్లను తెచ్చుకున్నది. తల్లిదండ్రుల ఎముకలు మళ్ల వంగలేదు. అవి ఇగ వంగయి. తమ్ముళ్లు మాత్రం మంచిగ ఎదిగిన్రు.

అరవై తొమ్మిదిల ప్రత్యేక రాష్ట్రం గొడవలతోని కాలేజీలు బంద్ పడ్డయి. పోటీలు లేవు, పిల్లలు లేరు. నాకు ఏం తోచలేదు. అప్పుడు మర్రిగూడ పిల్లనే జాబు రాసింది, బడి పిల్లలకు ఆట మొదలుపెట్టిన, బ్యాట్లు తక్కువున్నయి, వచ్చి నాలుగొద్దులు చూపించిపోండ్రి అని. రెండు బ్యాట్లు, బుట్టెడు బంతులు పట్టుకొని బస్సులు దొరికిన దారినల్ల పోయిన.

బడి మైదానంల ఇరవై మంది పిల్లలు. తను నడుముకు గట్టి గుడ్డ పట్టీ కట్టుకొని, చీర కుచ్చిళ్లు దోపుకొని నిలబడి ఉన్నది. అప్పటికి పక్కకు తిరగాలన్న మనిషంత తిరిగేది, వాళ్ల నాయిన లెక్క. ఒక చిన్న పిల్ల కాళ్ల ముందల బంతి పడ్డది. ఆ పిల్ల వంగకుండ నిలబడ్డది. తను ఆ పిల్ల కాడికి పోయి, నడుము నొస్తున్నదా అని చెవుల అడిగింది. లేదు, బంతి అంటె భయమయ్యింది అన్నది పిల్ల. అయితె దూరం నుంచి మెల్లగ దొర్లిస్త, పట్టు అని పది అడుగులు ఎనకకు పోయింది.

నన్ను ఏమన్న చెప్పుమని అడిగింది. చెప్పేది ఏం కనపడలేదు. గోడ నీడకు కూసొని, నాలుగొద్దులు వాళ్లకు బంతులు అందించి వచ్చిన.